ఆప్షన్ వదులుకుంటే లాభమా నష్టమా? హార్డెన్ లెక్క మళ్లీ తీద్దాం

బెజవాడ_పాయింట్‌గార్డ్
అందరికీ నమస్కారం. ఇక్కడ కొత్తవాణ్ణి. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడేవాణ్ణి, ఎన్‌బీఏ చూడటం మొదలుపెట్టి రెండేళ్లవుతోంది. ఆట అర్థమవుతుంది కానీ జూన్ నెలాఖరులో వచ్చే వార్తలు మాత్రం బుర్రకెక్కవు. ఈ వారం (2025 జూన్ నెలాఖరు) లెబ్రాన్ జేమ్స్ తన 52.6 మిలియన్ డాలర్ల ఆప్షన్ తీసుకున్నాడు. జేమ్స్ హార్డెన్ మాత్రం 36.3 మిలియన్ల ఆప్షన్ వద్దన్నాడు. వద్దని, మళ్లీ తన టీమ్ లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌తోనే రెండేళ్లకు 81.5 మిలియన్లకు ఒప్పుకున్నాడు. చేతికందిన డబ్బు వద్దనడం ఏంటి, అదే టీమ్ ఎక్కువ ఇవ్వడం ఏంటి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఎగతాళి చేసినా పర్లేదు.

ఆడిటర్_వరంగల్
ఎగతాళి ఎందుకు తమ్ముడూ, మంచి ప్రశ్నే. ప్లేయర్ ఆప్షన్ అంటే అద్దె అగ్రిమెంట్‌లో "ఇంకో ఏడాది ఇదే అద్దెకు ఉండే హక్కు నాది" అని ముందే రాయించుకోవడం లాంటిది. ఉంటాడా, ఖాళీ చేస్తాడా అన్నది అతని ఇష్టం. టీమ్ కాదనలేదు. టీమ్ ఆప్షన్ అని వేరే ఉంది, అక్కడ ఇష్టం టీమ్‌ది.

హార్డెన్‌కు ఖాళీ చేసి మళ్లీ చేరితేనే గిట్టుబాటు. 36.3 బదులు మొదటి ఏడాదికే సుమారు 39 మిలియన్లు, పైగా ఇంకో ఏడాది. లెబ్రాన్‌కు 40 ఏళ్లు దాటాయి. ఈ వయసులో బయట 52.6 పెట్టేవాడు దొరకడు, అందుకే ఉన్నది పట్టుకున్నాడు. ఆప్షన్ అంటే డబ్బు అనుకోకు. కింద పరిచిన వల అనుకో.

ఫిల్లీ_శ్రీను
హార్డెన్, ఆప్షన్ అనే రెండు మాటలు ఒక్కచోట కనపడితే నాకు బీపీ పెరుగుతుంది. కొత్త తమ్ముడికి 2022 కథ ఎవరూ చెప్పలేదా?

నేను పదకొండేళ్లుగా ఫిలడెల్ఫియా దగ్గరే ఉంటున్నా. 2022లో హార్డెన్ మా ఫిలడెల్ఫియా సిక్సర్స్‌లో ఆడేవాడు. ఆ మేలో ప్లేఆఫ్స్‌లో మియామీతో ఆరో మ్యాచ్ చూడటానికి వెళ్లాను. ఓడితే ఇంటికే. టికెట్ ధర ఇంట్లో ఇప్పటికీ సగమే చెప్పాను. మొదట్లోనే మా ఆటగాడు డానీ గ్రీన్ మోకాలు పోయింది. సరే, మనకు హార్డెన్ ఉన్నాడుగా అనుకున్నాం. సెకండాఫ్‌లో అతను బుట్ట వైపు విసిరింది రెండంటే రెండు షాట్లు, పాయింట్లు సున్నా. బాల్ చేతికొస్తే పక్కవాడికి ఇచ్చేసి గీత దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నా పక్క సీటులో ఒక పెద్దాయన, డెబ్బై ఏళ్లుంటాయి, అరవడం కూడా మానేసి స్వెటర్ వేసుకుని లేచి వెళ్లిపోయాడు. 90-99తో పోయింది.

అటువైపు మియామీలో పీజే టక్కర్ అని ఒక మొండిఘటం. స్కోరు పెద్దగా చేయడు కానీ మన వాళ్లను ఊపిరి పీల్చుకోనివ్వలేదు. అయిపోయాక మా స్టార్ ఎంబీడ్ మీడియా ముందే ఒప్పుకున్నాడు, ఇలాంటివాడు మాకు ఎప్పుడూ లేడని.

ఆ ఎండాకాలమే హార్డెన్ 47.4 మిలియన్ల ఆప్షన్ వదిలేసి 33 మిలియన్లకు సంతకం పెట్టాడు. ఆ మిగులుతో టక్కర్‌నే తెచ్చారు. ఊరంతా పండగ.

బెజవాడ_పాయింట్‌గార్డ్
అన్నా, 14 మిలియన్లు ఊరికే వదిలేశాడా? రూపాయల్లో వంద కోట్ల పైమాటే కదా!

రాకెట్స్_రమణ
ఊరికే వదిలేశాడని ఫిలడెల్ఫియా వాళ్లు చెప్పుకుంటారు. మా హ్యూస్టన్‌లో ఎనిమిది సీజన్లు చూశాం హార్డెన్‌ని. ఊరికే ఏదీ వదిలేవాడు కాదు.

ఆడిటర్_వరంగల్
ముందు లెక్క చెప్తాను, తిట్లు తర్వాత.

2022-23లో సాలరీ క్యాప్, అంటే టీమ్ మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన హద్దు, 123.65 మిలియన్లు. సిక్సర్స్‌లో ఎంబీడ్‌కి 33.6, టోబయాస్ హ్యారిస్‌కి 37.6. హార్డెన్ 47.4 పుచ్చుకుంటే ఈ ముగ్గురికే 118.6. అంటే క్యాప్ దాదాపు అయిపోయింది, ఇంకా పది పన్నెండు మందికి జీతాలివ్వాలి.

బెజవాడ_పాయింట్‌గార్డ్
మరి మిగతావాళ్లకు ఎక్కడినుంచి ఇస్తారు? 2025 ఐపీఎల్‌లో 120 కోట్లంటే 120 కోట్లే. సన్‌రైజర్స్ క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్, హెడ్‌లకు చెరో 14, మన నితీశ్‌కు 6 ఇచ్చి ఐదుగురిని ఉంచుకుంటే వేలానికి 45 కోట్లే మిగిలాయి. ఒక్క రూపాయి ఎక్కువ పెట్టే వీల్లేదు కదా.

ఆడిటర్_వరంగల్
భలే పట్టుకున్నావు. తేడా అక్కడే. ఐపీఎల్ పర్సు గోడ లాంటిది. ఎన్‌బీఏ క్యాప్ గేటు లాంటిది, తాళంచెవులుంటే దాటొచ్చు.

అతి పెద్ద తాళంచెవి బర్డ్ రైట్స్. లారీ బర్డ్ పేరు మీద వచ్చింది. నీ ఆటగాడు నీ దగ్గరే ఉంటే క్యాప్ దాటైనా అతనికి గరిష్ఠం దాకా ఇచ్చుకోవచ్చు. రెండోది మిడ్-లెవెల్ ఎక్సెప్షన్. క్యాప్ దాటిన టీమ్ కూడా బయటివాణ్ణి తెచ్చుకునేందుకు ఇచ్చిన డబ్బు సంచీ. అందులో రెండు సైజులు. 2022లో పెద్ద సంచీలో 10.5 మిలియన్లు. ఖర్చు మరీ ఎక్కువ పెట్టే టీములకు చిన్న సంచీయే, 6.5 మిలియన్లు.

మెలిక ఏమిటంటే, పెద్ద సంచీ వాడావో ఏప్రాన్ అనే గీత నీకు గోడ అయిపోతుంది. అప్పుడు ఏడాదంతా ఏం జరిగినా దాటలేవు. ఆ ఏడాది ఆ గీత 157 మిలియన్ల దగ్గర. 157లో 118.6 పోతే 38.4. దాంతో పాత వాళ్ల జీతాలు, కొత్తగా తెచ్చిన మెల్టన్, టక్కర్ అందరూ సరిపోరు. హార్డెన్ 33కి దిగితే 52.8 మిగిలాయి. టక్కర్‌కు మూడేళ్లకు 33 మిలియన్లు, డాన్యుయెల్ హౌస్‌కు రెండేళ్లకు 8.5, ఇద్దరూ పట్టారు. హౌస్‌కు వాడింది ఇంకో చిన్న తాళంచెవి, దాని పేరు బై-యాన్యువల్.

కాబట్టి హార్డెన్ వదిలిన 14 మిలియన్లు నేరుగా టక్కర్ జేబులోకి వెళ్లలేదు. గోడకూ టీమ్‌కూ మధ్య జాగా అయ్యాయి. చాలామంది "హార్డెన్ డబ్బులతో టక్కర్‌ను కొన్నారు" అంటారు, అది సగం నిజమే.

ఫిల్లీ_శ్రీను
ఆడిటర్ గారూ, మీరిలా చెప్పుంటే నేను సీఏ చదివేవాణ్ణి.

రాకెట్స్_రమణ
ఆ పేర్లు చూడండి. హార్డెన్, టక్కర్, హౌస్. ముగ్గురూ హ్యూస్టన్‌లో డారిల్ మోరీ టీమ్‌లో ఆడినవాళ్లే. మోరీ అంటే ఆటగాళ్లను ఎంచి తెచ్చే మేనేజర్. మోరీ ఫిలడెల్ఫియాకు మారాక పాత ఇంటి సామాన్లన్నీ ఒక్కొక్కటే తెప్పించుకున్నాడు. తనకు ఇష్టమైన ఆటగాడి విషయంలో అతను లెక్కలు మర్చిపోతాడని అంటారు కానీ, నాకైతే లెక్క కోసం ఇష్టాన్నే మర్చిపోతాడనిపిస్తుంది. అది తర్వాత రుజువైంది కూడా.

ఇంకో మాట. హార్డెన్ జీవితమే ఇలాంటి నాలుగు డాలర్ల బేరంతో మలుపు తిరిగింది. 2012లో ఓక్లహోమా సిటీ అతనికి గరిష్ఠానికి కొన్ని మిలియన్లు తక్కువ ఇస్తామంది. అతను కుదరదన్నాడు. సీజన్ మొదలయ్యే ముందు మోరీ హ్యూస్టన్‌కు ఎత్తుకొచ్చాడు. అలాంటివాడు పదేళ్ల తర్వాత తనంతట తాను 14 మిలియన్లు తగ్గించుకున్నాడంటే త్యాగం అని నేను నమ్మను. అది పెట్టుబడి. వచ్చే ఏడాది వడ్డీతో సహా వస్తుందనుకున్నాడు.

సౌమ్య_జెర్సీసిటీ
ఇన్నాళ్లూ చదవడమే, ఈ థ్రెడ్‌కు రాయకుండా ఉండలేకపోతున్నా.

రమణ గారన్నది నిజమే అనిపిస్తుంది. సంతకం చూడండి, రెండేళ్లు, రెండో ఏడాది 35.6 మిలియన్ల ఆప్షన్. నిజంగా టీమ్ కోసమే తగ్గించుకున్నవాడు మూడు నాలుగేళ్లు రాయించుకుని ప్రశాంతంగా ఉండేవాడు. ఏడాదికే తలుపు తెరిచి పెట్టుకున్నాడంటే 2023లో పెద్ద మొత్తం వస్తుందని ఆశ ఉన్నట్టే. ఆశ అంటున్నాను, హామీ అనట్లేదు. హామీ ఉంటే అది నేరం.

నాకూ ఇలాంటిది జరిగింది. ఐదేళ్ల కింద ఒక కంపెనీలో మా మేనేజర్ "ఈ ఏడాది బడ్జెట్ లేదు సౌమ్యా, టీమ్‌కు ఇంకో మనిషి కావాలి, నువ్వు హైక్ వదులుకో, వచ్చే అప్రైజల్‌లో రెండూ కలిపి వేస్తా" అన్నాడు. మంచివాడే. ఆ ఇంకో మనిషి వచ్చింది, బాగా పనిచేసింది, నాకు మంచి ఫ్రెండ్ కూడా అయింది. మార్చిలో మేనేజర్ వేరే చోటికి వెళ్లిపోయాడు. కొత్తాయన్ని అడిగితే "మెయిల్ ఏమైనా ఉందా?" అన్నాడు. లేదు. ఏముంటుంది? టీ తాగుతూ అన్న మాట.

అందుకే హార్డెన్ మీద నాకు కోపం రాదు. అయ్యో అనిపిస్తుంది. 33 మిలియన్లు తీసుకునేవాణ్ణి చూసి అయ్యో అనడం నాకే నవ్వొస్తుంది అనుకోండి.

బెజవాడ_పాయింట్‌గార్డ్
హామీ ఉంటే నేరమా అక్కా? మాట ఇస్తే తప్పేంటి?

సౌమ్య_జెర్సీసిటీ
క్యాప్ ఉన్నదే అందరూ ఒకే లెక్కలో ఉండటానికి. "ఈ ఏడాది తక్కువ రాసుకో, తర్వాత చూసుకుంటా" అని చాటుగా అనుకుంటే ఆ లెక్కకు అర్థం లేదు. మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్ ఇలాగే జో స్మిత్‌తో చాటు ఒప్పందం చేసుకుంది. కెవిన్ గార్నెట్ పక్కన మంచి ఆటగాడు కావాలి, క్యాప్‌లో చోటు లేదు. చిన్న చిన్న ఒప్పందాలు చేసుకుంటూ పో, బర్డ్ రైట్స్ రాగానే పెద్దది ఇస్తామన్నారు. అది కాగితం మీద పెట్టారు, దొరికిపోయారు. 2000లో లీగ్ ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లను మొదటి రౌండ్‌లో ఎంచుకునే హక్కులు) లాగేసుకుంది, 3.5 మిలియన్ల జరిమానా వేసింది. తర్వాత రెండు పిక్‌లు తిరిగిచ్చారు.

అంటే రాస్తే దొరికిపోతారు, రాయకపోతే గాలికి పోతుంది. మధ్యలో ఆటగాడు.

ఫిల్లీ_శ్రీను
2022లో మా మీద కూడా విచారణ జరిగింది. టక్కర్, హౌస్‌లతో గడువుకు ముందే మాట్లాడారని తేల్చి రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు తీసేశారు. హార్డెన్ తగ్గింపు విషయంలో శిక్ష ఏమీ పడలేదు.

ఆట సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ సీజన్‌లో లీగ్ మొత్తానికీ అసిస్ట్‌లలో హార్డెనే ఫస్ట్, మ్యాచ్‌కు 10.7. ఎంబీడ్‌కు ఎంవీపీ వచ్చింది, టీమ్ 54 గెలిచింది. బోస్టన్‌తో సిరీస్ మొదటి మ్యాచ్‌లో ఎంబీడ్ లేడు, హార్డెన్ 45 కొట్టి చివర్లో త్రీ (మూడు పాయింట్ల షాట్) వేసి గెలిపించాడు. నాలుగో మ్యాచ్‌లో 42, మళ్లీ గెలుపు షాట్ అతనిదే. 3-2తో ముందున్నాం. నేను మావాడికి సోమవారం బడి మానిపించొచ్చా అని కూడా ఆలోచించాను, సంబరాలకి.

ఏడో మ్యాచ్‌లో 9 పాయింట్లు. పదకొండు షాట్లలో మూడు. అటు టేటమ్ ఒక్కడే 51. మావాడు మూడో క్వార్టర్‌లో సోఫాలోనే నిద్రపోయాడు, లేపలేదు.

రాకెట్స్_రమణ
ఏడో మ్యాచ్ గురించి హ్యూస్టన్ వాడికి చెప్పకు శ్రీనూ. 2018లో వరసగా 27 త్రీలు పోగొట్టుకున్నవాళ్లం.

2023 జూన్‌లో ఏమైందో నేను చెప్తా. హార్డెన్ హ్యూస్టన్‌కు తిరిగొస్తాడని ఏడాదంతా వార్తలే. మా దగ్గర క్యాప్‌లో బోలెడు ఖాళీ కూడా ఉంది. ఉడోకా కోచ్‌గా వచ్చాక ఆ గాలి తగ్గింది. హార్డెన్ ఆప్షన్ తీసుకున్న కొద్ది రోజుల్లోనే ఆ డబ్బులో పెద్ద వాటా ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌కు వెళ్లింది, మూడేళ్లకు దాదాపు 130 మిలియన్లు. బేరం ఆడటానికి ఎదురుగా ఇంకో కొనేవాడు ఉండాలి. హార్డెన్‌కు ఆ రెండోవాడు మాయమయ్యాడు. మోరీకి అది తెలుసు.

ఆడిటర్_వరంగల్
అవును. రూల్ కూడా అతని వైపు లేదు. రెండేళ్ల ఒప్పందాన్ని మధ్యలో పొడిగించే వీల్లేదు, అది కనీసం మూడేళ్లదై ఉండాలి. అంటే సీజన్ మధ్యలో "మాట నిలబెట్టుకో" అని అడగడానికి దారే లేదు, జూన్ దాకా ఆగాల్సిందే. ఆ జూన్‌లో సిక్సర్స్ ఇవ్వాలనుకుంటే క్యాప్‌లో 35 శాతం దాకా, అంటే 47.6 మిలియన్లతో మొదలుపెట్టి ఇవ్వొచ్చు. బర్డ్ రైట్స్ ఉన్నాయి, రూల్ అడ్డు రాదు. ఇవ్వలేదు. ఆ ఏడాదే లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన కొత్త ఒప్పందంలో సెకండ్ ఏప్రాన్ అని ఇంకో గీత వచ్చింది, పెద్ద జీతాల టీములకు ఉచ్చు బిగిసింది. 34కు దగ్గరపడ్డవాడికి నాలుగేళ్లు రాసివ్వడానికి ఎవరైనా వెనకాడతారు.

హార్డెన్ 35.6 తీసుకున్నాడు, నన్ను క్లిప్పర్స్‌కు పంపేయండి అన్నాడు.

బెజవాడ_పాయింట్‌గార్డ్
వెళ్లిపోవాలంటే ఆప్షన్ వదిలేసి వెళ్లొచ్చు కదా? తీసుకుని పంపమనడం ఏంటి?

రాకెట్స్_రమణ
క్లిప్పర్స్ దగ్గర క్యాప్ ఖాళీ లేదు కదా. ఖాళీ చేసి నడుచుకుంటూ వెళ్తే అక్కడ దొరికేది చిన్న సంచీయే. ఆప్షన్ తీసుకుంటే 35.6 అనే జీతం అతని మీద రాసి ఉంటుంది, అంత జీతాలున్నవాళ్లను అటునుంచి ఇటు పంపి మార్చుకోవచ్చు. 2017లో క్రిస్ పాల్ ఇదే చేసి హ్యూస్టన్‌కు వచ్చాడు. అప్పుడు ఆ ఎత్తు వేసిందీ మోరీయే. ఈసారి అదే ఎత్తు అతని మీదికి వచ్చింది.

ఫిల్లీ_శ్రీను
ఆగస్టులో చైనాలో ఒక కార్యక్రమంలో మైక్ పట్టుకుని మోరీ అబద్ధాలకోరు అని రెండుసార్లు చెప్పాడు. అతనున్న సంస్థలో ఇక ఉండనన్నాడు. నేను ఆఫీసులో ఉన్నా, ఫోన్‌లో వీడియో చూసి కాఫీ వొలకబోసుకున్నా.

నా ప్రశ్న ఒకటే. ఏ విషయంలో అబద్ధం? 2022 డబ్బుల గురించా?

ఆడిటర్_వరంగల్
ఆ మాట అతను ఎప్పటికీ అనలేడు. అంటే తనూ నేరంలో భాగస్తుడే. లీగ్ పిలిచి అడిగింది. ట్రేడ్ చేయట్లేదన్న కోపంతోనే ఆ మాటలన్నాడని తేల్చి, లక్ష డాలర్ల జరిమానా వేసింది.

మోడరేటర్
ఎవరు అబద్ధమాడారు అనేది మనం తేల్చలేం. రెండు పోస్టులు తీసేశాను. క్యాప్ గురించి మాట్లాడుకోండి.

నిక్స్_నాగార్జున
మా న్యూయార్క్ నిక్స్ ఆటగాడు బ్రన్సన్‌ను చూసి నేర్చుకోండి. 2024లో 113 మిలియన్లు వదులుకున్నాడు టీమ్ కోసం. చైనా వెళ్లి ఎవర్నీ తిట్టలేదు.

ఆడిటర్_వరంగల్
నాగార్జున గారూ, 113 అనేది నాలుగేళ్ల 156.5కూ ఐదేళ్ల 269కూ తేడా. ఏళ్లే వేరైతే తీసివేత ఎలా? ఏడాది ఆగితే వచ్చే 269 అది, ఆ ఏడాదిలో మోకాలికి ఏమైనా అయితే? బ్రన్సన్ త్యాగం చేయలేదని అనను, చాలానే తగ్గించుకున్నాడు. కానీ తగ్గించుకున్నది కాగితం మీద, సంతకంతో. ఆఖరి ఏడాది ఆప్షన్ కూడా తన చేతిలోనే పెట్టుకున్నాడు. ఎవరి నోటి మాట మీదా ఆధారపడలేదు.

ఫిల్లీ_శ్రీను
మా ఇంటి ఉదాహరణే చెప్తా, దీనికి ఎవరూ జవాబివ్వలేరు. అదే 2023లో మా కుర్రాడు మాక్సీకి ఎక్స్‌టెన్షన్ (ఒప్పందం పొడిగింపు) ఇవ్వొచ్చు, ఇవ్వలేదు. ఏడాది ఆగమన్నారు. ఆగితే 2024 వేసవిలో క్యాప్ మీద అతని పేరిట 13 మిలియన్లే కనపడతాయి, హ్యారిస్ ఒప్పందం అయిపోతుంది, ఆ ఖాళీలో పెద్దవాణ్ణి తెచ్చుకోవచ్చు. మాక్సీ ఆగాడు. పాల్ జార్జ్ క్లిప్పర్స్‌లో 48.7 మిలియన్ల ఆప్షన్ వదిలేసి నాలుగేళ్లకు 212కు మా దగ్గరికి వచ్చాడు. ఆ తర్వాత మాక్సీకి ఐదేళ్లకు 204 మిలియన్లు, పైసాతో సహా ముట్టింది.

అదే మోరీ, అదే "ఏడాది ఆగు". ఒకరికి అందింది, ఒకరికి అందలేదు.

సౌమ్య_జెర్సీసిటీ
మాక్సీకి అప్పుడు 23 ఏళ్లు శ్రీను గారూ. మోరీ మాట తప్పినా ఇంకో ఇరవై టీములు క్యూలో ఉంటాయి. అక్కడ నిలబడింది మాట కాదు, వయసు.

ఫిల్లీ_శ్రీను
ఊఁ. దీనికి జవాబు ఉంది మరి.

పాల్ జార్జ్ సంగతి మాత్రం అడక్కండి. మొదటి సీజన్‌లో అతను 41 మ్యాచ్‌లు, ఎంబీడ్ 19. టీమ్ 24 గెలిచి 58 ఓడింది. అంత చక్కగా వేసిన లెక్క అది.

బెజవాడ_పాయింట్‌గార్డ్
ఇంతకీ టక్కర్ ఏమయ్యాడు? కథంతా అతని కోసమే కదా మొదలైంది.

ఫిల్లీ_శ్రీను
2023 అక్టోబర్ 31న ట్రేడ్ వార్త వచ్చింది, హాలోవీన్ రోజు. క్లిప్పర్స్‌కు హార్డెన్‌తో పాటు టక్కర్ కూడా వెళ్లాడు, ఒకే మూటలో. ఎవరి కోసం జీతం తగ్గించుకున్నాడో అతన్నే వెంటబెట్టుకుని పోయాడన్నమాట. అక్కడ టక్కర్‌ను పెద్దగా ఆడించలేదు. 2024 జూన్‌లో తన 11.5 మిలియన్ల ఆప్షన్ చప్పుడు చేయకుండా తీసుకున్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో తెలివైనవాడు అతనే.

మావాడికి టక్కర్ జెర్సీ కొన్నాను అప్పట్లో. ఇప్పుడు మా ఆవిడ అది వేసుకుని గరాజ్ కడుగుతుంది.

రాకెట్స్_రమణ
హార్డెన్ జెర్సీ?

ఫిల్లీ_శ్రీను
అది కూడా ఉంది. పారేయబోతుంటే మావాడు అడ్డుపడ్డాడు. ఆప్షన్ వాడిదే అట.

బెజవాడ_పాయింట్‌గార్డ్
ఇప్పుడు అర్థమైంది. ఆఖరి డౌట్. ఈ 81.5లో కూడా రెండో ఏడాది...?

ఆడిటర్_వరంగల్
ఆప్షనే. అతని చేతిలోనే. 2026 జూన్ నెలాఖరుకు అలారం పెట్టుకో తమ్ముడూ, ఈ థ్రెడ్ మళ్లీ పైకి తెద్దాం.